కాలనీ ఖాళీ స్థలంలో చిట్టడివా, సీతాకోకల తోటా, తంగేడు చెలకా?

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఈమధ్య వెలసిన ఏ కాలనీలోనైనా ఇళ్ళ నడుమ కొంత ఖాళీ స్థలం ఉంటుంది. లేఅవుట్ నిబంధన ప్రకారం వదిలిన పది శాతం జాగా అది. ఒక మూల ఇళ్ళు కట్టగా మిగిలిన ఇటుక ముక్కలు, చిరిగిన సిమెంటు సంచులు. ఇంకో మూల సర్కారు తుమ్మ. మధ్యలో వయ్యారిభామ. వినాయక చవితికి మండపం వేసే చోటు మాత్రం చదునుగా ఉంటుంది. ఐదెకరాల లేఅవుట్ అయితే ఈ జాగా అరెకరం, అంటే ఇరవై గుంటలు. పిట్టలకు, సీతాకోకచిలుకలకు, ఉడుతలకు, తొండలకు ఊరి మధ్య ఒక ఇల్లు కట్టి ఇవ్వడానికి అది చాలా పెద్ద జాగా.

అక్కడ ఏదైనా చేద్దామని కాలనీ వాళ్ళు కూర్చుంటే సాధారణంగా నాలుగు మాటలు వినిపిస్తాయి. లాన్ వేసి పార్కు చేద్దామని ఒకరంటారు. మొక్కలను దగ్గర దగ్గరగా నాటి మియావాకీ అడవి, అంటే చిట్టడివి, పెంచుదామని వార్త చదివిన వారొకరు అంటారు. పూల మొక్కలు పెట్టి సీతాకోకలను రప్పిద్దామని పిల్లల తల్లులు అంటారు. ఒక నీటి కుంట తవ్వితే పక్షులు వస్తాయని ఇంకొకరు. ఐదో దారి ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. ఉన్న చెలకను, అంటే వాన మీద బతికే మెట్ట నేలను, చెలకగానే ఉంచి, చెత్త తీసి, కలుపు తీసి, తంగేడును, గునుగును, రేగును, జమ్మిని తిరిగి రానివ్వడం. మన దక్షిణ తెలంగాణ వానకు, నేలకు, చాలా కాలనీల చేతి బలానికి ఈ ఐదో దారే సరిపోతుందని నా నమ్మకం. మిగతావి పనికిరావని అనడం లేదు. ఏది ఎక్కడ నిలబడుతుందో చూసి ఎంచుకోవాలి.

ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదట కాగితం. లేఅవుట్ ఖాళీ స్థలం కాలనీ సంఘానిది కాదు, పురపాలక సంఘం అధీనంలో ఉంటుంది. కాబట్టి సంఘం తీర్మానం రాసి, కమిషనర్‌కు అర్జీ పెట్టి, అనుమతి లిఖితపూర్వకంగా తీసుకోవాలి. నోటి మాట మీద పెంచిన మొక్కల మీదుగా రెండేళ్ళ తర్వాత ఎవరో కమ్యూనిటీ హాలుకు పునాది తీస్తే అడగడానికి ఆధారం ఉండదు. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ప్రతి మున్సిపాలిటీ బడ్జెట్‌లో పది శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలని చెబుతోంది. అర్జీలో ఆ సంగతి ప్రస్తావిస్తే కంచెకు, మొక్కలకు సాయం అడగడం తేలిక.

తర్వాత నీళ్ళు. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు, నల్లగొండ వైపు సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ తర్వాత ఎనిమిది నెలలు నేల ఎండే ఉంటుంది. మొక్కలు నాటే రోజున యాభై మంది వస్తారు, ఫోటోలు దిగుతారు. రెండో ఏడు రోహిణి కార్తెలో, ఎండ 43 డిగ్రీలు దాటిన రోజుల్లో, పైపు పట్టుకుని నిలబడేది ఎవరు? ఆ పేర్లు ముందే కాగితం మీద ఉండాలి. రెండే పేర్లు దొరికితే ఇద్దరితో నడిచే పద్ధతినే ఎంచుకోండి.

మూడోది మట్టి. గడ్డపారతో నాలుగైదు చోట్ల రెండడుగుల గోతులు తీసి చూడండి. పైన ఎర్ర చెలక మట్టి ఉండి కింద మొరం తగిలితే అది మన మామూలు నేల. మన చెట్లు అందులోనే పుట్టి పెరిగాయి. శిథిలాలు, కంకర, ప్లాస్టిక్ తగిలితే మాత్రం మొక్కల ఆలోచన కంటే ముందు ట్రాక్టరు పిలవాలి.

నాలుగోది చాలామంది వదిలేసేది: ఇప్పటికే అక్కడ ఎవరు కాపురం ఉంటున్నారు? ఒక వారం పాటు పొద్దున, సాయంత్రం చూడండి. గులకరాళ్ళ నేల మీద తీతువు గుడ్లు పెట్టి ఉండవచ్చు. ఆ గుడ్లు రాళ్ళలాగే ఉంటాయి, చూడకుండా తొక్కేస్తాం. మార్చి నుంచి ఆగస్టు దాకా అది గుడ్లు పెట్టే కాలం. ఆ నెలల్లో ప్రొక్లెయిన్ తెచ్చి నేల చదును చేస్తే ఒక తరం పిల్లలు పోయినట్లే. తీతువు అరుపు అశుభమని కొందరు పెద్దలు అనుకుంటారు. అది అరిచేది తన గూటి వైపు ఎవరో వస్తున్నారన్న భయంతోనే. తొలకరి పడ్డ వారంలో ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు కనిపిస్తే ఆ నేల బతికి ఉందని అర్థం. సిమెంటు పడని, మందు చల్లని నేలలో అవి బాగా నిలుస్తాయి. అలాంటి ముక్క దొరికితే దానిని ముట్టకుండా వదిలి మిగతా చోట పని చేయండి.

లాన్ పార్కు

దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. కొరియన్ గడ్డి నీళ్ళు తాగినంత తాగి, ఒక సీతాకోకకు కూడా తిండి పెట్టదు. వరుసగా నాటే రాయల్ పామ్‌లలో గూడు కట్టుకోవడానికి కొమ్మ ఉండదు. త్వరగా పచ్చగా పెరుగుతుందని వేసిన కోనోకార్పస్ అయితే మన పిట్టలకు, పురుగులకు ఏమాత్రం ఉపయోగపడదు. దాని పుప్పొడి, వేళ్ళ మీద వచ్చిన ఫిర్యాదుల తర్వాత తెలంగాణ ప్రభుత్వమే దాన్ని నాటవద్దని చెప్పింది. పిల్లలు ఆడుకోవడానికి, బతుకమ్మ ఆడటానికి, మండపం వేయడానికి చదునైన చోటు తప్పకుండా ఉండాలి. దానికి దుమ్ము లేవని గట్టి నేల చాలు. క్రికెట్ ఆడే పిల్లలను వెళ్ళగొట్టి పిట్టలను పిలిస్తే ఆ పిల్లలు పిట్టలకు శత్రువులవుతారు. జాగాలో మూడో వంతు వాళ్ళకు వదిలేయండి, ఏ పద్ధతి ఎంచుకున్నా సరే.

చిట్టడివి

జపాన్ వృక్షశాస్త్రవేత్త అకిరా మియావాకీ రూపొందించిన పద్ధతి ఇది. నేలను మీటరు లోతు తవ్వి, ఎరువు, ఊక, పొట్టు కలిపి, స్థానిక జాతుల మొక్కలను చదరపు మీటరుకు మూడు, నాలుగు చొప్పున దగ్గర దగ్గరగా నాటుతారు. మొక్కలు వెలుతురు కోసం పోటీ పడి పైకి లేస్తాయి. రెండు మూడేళ్ళు నీళ్ళు పెట్టి, కలుపు తీస్తే ఆ తర్వాత తనంతట తాను నిలబడుతుంది. మన అటవీ శాఖ దీన్నే కొంత మార్చి, ఎకరానికి సుమారు 4,000 మొక్కలతో, ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్ ప్రాంతంలో పెంచింది. దానిని యాదాద్రి నమూనా అంటారు. చదరపు మీటరుకు ఒక మొక్క అన్నమాట. మన నేలకు అసలు మియావాకీ కంటే ఈ నమూనాయే మేలు. మొక్కల ఖర్చు తగ్గుతుంది, నీళ్ళు తగ్గుతాయి, చెట్లు సన్నగా పుల్లల్లా సాగిపోకుండా కొంత కొమ్మలు వేస్తాయి.

లెక్క చూద్దాం. గుంట అంటే దాదాపు 100 చదరపు మీటర్లు. మియావాకీ పద్ధతిలో గుంటకు 300 నుంచి 400 మొక్కలు, యాదాద్రి నమూనాలో 100. వాన లేని రోజుల్లో చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్లు పోయాలని మియావాకీ అడవులు పెంచేవారు చెబుతారు. అంటే గుంటకు 500 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు ఒక గుంటకు పది రోజులు వస్తుంది. ఇరవై గుంటలూ అడవి చేస్తే రోజుకు రెండు ట్యాంకర్లు. మన కాలనీల్లో మే నెలలో తాగే నీళ్ళకే ఆడవాళ్ళు మోటారు శబ్దం కోసం చెవులు రిక్కించుకుని ఉంటారు. ఆ సమయంలో మొక్కలకు రెండు ట్యాంకర్లు తెప్పిస్తే వచ్చే గొడవ అడవినే మింగేస్తుంది. అందుకే చిట్టడివి మూడు నాలుగు గుంటలకు మించి వద్దంటాను. అదీ స్థలంలో సొంత బోరు ఉండి, ఎండాకాలంలోనూ పోస్తున్నప్పుడే. డ్రిప్ వేసి, వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ జానెడు మందాన పరిస్తే నీళ్ళ ఖర్చు బాగా తగ్గుతుంది. నల్లగొండలో గడ్డికి, పాలమూరులో వేరుశనగ పొట్టుకు వెతకనవసరం లేదు.

దీనివల్ల వచ్చే మేలు కూడా చెప్పాలి. దట్టంగా పెరిగాక లోపలి నీడలో కుట్టుపిట్టలు, బుల్‌బుల్‌లు, జెముడుకాకులు చేరుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం లోపల నేల చల్లగా ఉంటుంది. జాతీయ రహదారి పక్కన ఉన్న కాలనీకి దుమ్మును, హారన్ల మోతను ఆపే గోడగా ఇంతకంటే మంచిది లేదు. ఏ మొక్కలు? నేరేడు, కానుగ, వేప, నల్లమద్ది, మేడి, చింత, ఇప్ప, మోదుగ, బిల్వం, రేల. మధ్యలో సీతాఫలం, వావిలి, కలివి. బాలానగర్ సీతాఫలం పుట్టిన జిల్లాలో ఆ మొక్కలు పెట్టకపోవడం అన్యాయం. మహబూబ్‌నగర్ వాళ్ళు మయూరి అని పిలుచుకునే అర్బన్ ఎకో పార్కు దాకా వెళ్ళి, అక్కడ నీళ్ళు పెట్టకుండానే పచ్చగా ఉన్న చెట్లేవో చూసి రాసుకుంటే నర్సరీ వాళ్ళు చెప్పే జాబితా కంటే నమ్మకమైన జాబితా తయారవుతుంది.

ఒక హెచ్చరిక. మన ప్రాంతపు సహజ స్వరూపం దట్టమైన అడవి కాదు. నల్లమల దాటి ఉత్తరానికి వస్తే గుట్టలు, రాళ్ళు, ముళ్ళ పొదలు, మధ్య మధ్య చెట్లు, వాటి కింద గడ్డి. తీతువులు, కౌజులు, పసిరిక పిట్టలు, తొండలు, గడ్డిలో పెరిగే సీతాకోకలు ఈ ఆరుబయటనే బతుకుతాయి. ఇప్పటికే ఇవన్నీ ఉన్న జాగాను తవ్వి అడవి నాటితే పది జాతులను పిలిచి ఇరవై జాతులను పంపించినట్టు అవుతుంది. శిథిలాలతో నిండి, ఏమీ మిగలని ముక్కనే చిట్టడివికి ఇవ్వండి.

సీతాకోకల తోట

రంగు రంగుల పూలు పెడితే సీతాకోకలు వస్తాయని అనుకుంటారు. వస్తాయి, తేనె తాగి వెళ్ళిపోతాయి. అవి ఉండిపోవాలంటే గుడ్లు పెట్టడానికి ఆకు కావాలి. ఒక్కో జాతి కొన్ని మొక్కల మీదనే గుడ్లు పెడుతుంది. ఈ సంగతి మన రైతులకు కొత్త కాదు. నల్లగొండ బత్తాయి తోటల్లో లేత ఆకులు తినే గొంగళి ఉంటుంది. చిన్నప్పుడు పిట్ట రెట్టలా, పెద్దయ్యాక ఆకుపచ్చగా ఉంటుంది. అది నలుపు, పసుపు మచ్చల నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. బత్తాయి రైతుకు అది పురుగు. కాలనీ తోటలో అదే అతిథి. రెండు నిమ్మ మొక్కలు, రెండు కరివేపాకు మొక్కలు పెడితే అదీ, నల్ల రెక్కల మీద తెల్ల చుక్కల వరుస ఉన్న దాని చుట్టమూ రెండూ వస్తాయి.

పాలమూరు వాళ్ళకు ఆముదం సంగతి చెప్పనక్కర్లేదు. ఆముదపు ఆకు మీద గోధుమరంగు రెక్కలపై అలల గీతలున్న సీతాకోక పెరుగుతుంది. జిల్లేడు మీద నారింజ రంగు రెక్కల, నల్ల అంచుల సీతాకోక. దాని గొంగళికి నలుపు, తెలుపు, పసుపు పట్టీలుంటాయి, పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచిది దొరకదు. రేల చెట్టు, తంగేడు మీద లేత పసుపు, తెలుపు సీతాకోకలు గుంపులుగా పెరుగుతాయి. రేగు మీద నలుపు తెలుపు చుక్కల చిన్నది. ముళ్ళ గోరింట మీద గోధుమరంగు రెక్కలపై కన్నుల్లాంటి మచ్చలున్నది. వీటిలో సగం మొక్కలు మనం కలుపని పీకి పారేసేవే.

ఈ తోటకు 150, 200 గజాలు చాలు. ఉదయం ఎండ బాగా తగలాలి, గాలి నేరుగా కొట్టకూడదు. ఒక మూల మట్టి ఎప్పుడూ తడిగా ఉండేలా చూస్తే మగ సీతాకోకలు అక్కడ వాలి ఉప్పు పీలుస్తాయి. నీళ్ళు చిట్టడివితో పోలిస్తే తక్కువే, కానీ పని ఎప్పుడూ ఉంటుంది. కొమ్మలు కత్తిరించాలి, ఎండిన మొక్క తీసి కొత్తది నాటాలి. పది కుటుంబాలు వంతులు వేసుకుంటే చేయగలిగే పని. ఇంట్లో ఉండే పెద్దవాళ్ళు, బడి పిల్లలు ఉన్న కాలనీకి దీనికి సాటి లేదు. నాటిన మొదటి వానాకాలంలోనే ఫలితం కనిపిస్తుంది.

రెండు షరతులు మాత్రం ముందే అందరి చేత ఒప్పించాలి. ఆకులకు చిల్లులు పడతాయి, నిమ్మ మొక్క ఒక్కోసారి బోసిపోతుంది, అయినా మందు కొట్టకూడదు. చిల్లులు పడిన ఆకే ఇక్కడ పంట. రెండోది, దోమల పొగ. పురపాలక సిబ్బంది వీధుల్లో పొగ వదిలినప్పుడు ఈ తోటను వదిలేయమని అడగాలి. దానికి బదులు మురుగు కాలువల్లో లార్వాల మందు వేయించుకోవాలి. దోమలు పుట్టేది అక్కడే గానీ ముళ్ళ గోరింట మీద కాదు. అందరూ వీటికి ఒప్పుకోని కాలనీలో సీతాకోకల తోట మొదలుపెట్టకపోవడమే నయం. పిలిచి చంపినట్టు అవుతుంది.

తంగేడు చెలక

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది దీని గురించే. తంగేడు మన రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం, పాలపిట్ట రాష్ట్ర పక్షి. మూడూ బతికేది చెలకల్లోనే. ఏటా బతుకమ్మకు తంగేడు పూల కోసం ఇప్పుడు ఆటోలు కట్టించుకుని ఊరి బయటికి పోతున్నాం. గునుగు కట్టలు బజారులో కొంటున్నాం. దసరా నాడు జమ్మి చెట్టు కనబడక ఎక్కడి నుంచో విరిచి తెచ్చిన కొమ్మను పాతి పూజ చేస్తున్న కాలనీలున్నాయి. భోగి పళ్ళకు రేగుపళ్ళు కావాలి, ఉగాది పచ్చడికి వేపపువ్వు కావాలి. ఇవన్నీ ఒక అరెకరంలో, దాదాపు నీళ్ళు లేకుండా పెరుగుతాయి. కాలనీ ఆడవాళ్ళకు ఈ మాట చెబితే మిగతా వాదనలు అవసరం ఉండదు.

చేయవలసింది ఇది. ఎండాకాలం చివర చెత్త, శిథిలాలు ఎత్తించండి. సర్కారు తుమ్మను వేళ్ళతో సహా తీయించాలి, పైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది. ఇతర చెట్లు నరకాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి ఉండాలి కాబట్టి వేప, నల్లతుమ్మ లాంటివి ఉంటే ముట్టకండి. మొదటి వానలకు వయ్యారిభామ మొలుస్తుంది. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పీకాలి. చాలామందికి దాని వల్ల దురద, ఆయాసం వస్తాయి కాబట్టి ఈ పని పిల్లల చేత చేయించవద్దు. మొదటి రెండు వానాకాలాలు ఇలా వెంటపడితే మూడో ఏడుకు బాగా తగ్గుతుంది. ఈ పద్ధతిలో అసలు కష్టమంతా ఇదొక్కటే.

మృగశిర కార్తెకు వాన పడగానే తంగేడు గింజలు, గునుగు గింజలు చల్లండి. ఊరి బయట చెలకల్లో చలికాలంలో ఎండిన కాయల నుంచి, కంకుల నుంచి ముందే సేకరించి పెట్టుకోవచ్చు. అంచుల వెంట రేగు, బలుసు, కలివి, సీతాఫలం పొదలు. మధ్య మధ్య ఇరవై ముప్పై అడుగుల దూరంలో జమ్మి, మోదుగ, నల్లతుమ్మ, ఒకటి రెండు ఈత చెట్లు. గిజిగాడికి ఈత మట్టలన్నా, తుమ్మ కొమ్మ చివరలన్నా ఇష్టం. ఈ కొద్ది మొక్కలకు మాత్రం మొదటి రెండు ఎండాకాలాలు వారానికి ఒకసారి బిందెడు నీళ్ళు పోయాలి. మిగతా నేలను గడ్డికి వదిలేయండి. ఒక మూల రాళ్ళు పోగు చేసి, దాని పక్కన ఎండు దుంగలు రెండు పడేస్తే నలికిరులు, తొండలు, రకరకాల పురుగులు చేరతాయి. కంది చేలల్లో రైతులు పాతే పక్షి స్థావరాల్లాంటి టి ఆకారపు కర్రలు నాలుగు పాతండి. పాలపిట్టా, తోక చీలిన నల్ల ఏట్రింతా వాటి మీద కూర్చుని పురుగుల కోసం కాపు కాస్తాయి.

ఫిబ్రవరిలో మోదుగ పూస్తే గోరింకలు, తేనెపిట్టలు దిగుతాయి. ఆశ్వయుజం ముందు నుంచి తంగేడు పుప్పొడి కోసం తుమ్మెదలు, గడ్డి గింజల కోసం పిచ్చుకలు. బతుకమ్మకు పూలు కోసుకునేటప్పుడు ప్రతి పొద మీద మూడో వంతు పూలు వదలాలని ఒక కట్టుబాటు పెట్టుకోండి.

కష్టాలూ ఉన్నాయి. మొదటిది చూపు. ఎండాకాలంలో ఇది పసుపుగా, ఎండిపోయి కనబడుతుంది. వదిలేసిన జాగా అనుకుని ఎవరో చెత్త పారబోస్తారు. అందుకే కంచె, నడక దారి, రంగు వేసిన రాళ్ళ అంచు, ఏ మొక్క ఎవరికి తిండి పెడుతుందో రాసిన బోర్డు తప్పనిసరి. మనుషులు చూసుకుంటున్నారని తెలిస్తే చెత్త పడదు. రెండోది నిప్పు. సంక్రాంతి తర్వాత కంచె పొడవునా ఆరడుగుల వెడల్పున గడ్డి కోసి శుభ్రం చేయాలి. లోపలి గడ్డిని ఏటా సగమే కోయండి, మిగతా సగం మరుసటి ఏడు. గడ్డి కాడల్లో నిద్రపోయే పురుగులకు, గుడ్లకు ఆ సగం ఆశ్రయం. మూడోది అధికారుల లెక్క. హరితహారం కాలం నుంచి, ఇప్పుడు వన మహోత్సవంలోనూ, నాటిన మొక్కల సంఖ్యనే అడుగుతారు. చెలకలో ఆ సంఖ్య తక్కువ. జమ్మి, రేగు, సీతాఫలం, మోదుగల లెక్క రాసి ఇచ్చి, మిగతా భూమిని సహజంగా పెంచుతున్నామని తీర్మానంలోనే స్పష్టంగా రాయించండి. లేకపోతే ఒక వానాకాలం ఉదయం ఎవరో వచ్చి తంగేడు పీకి వరుసగా గోతులు తీస్తారు.

నీళ్ళు, పెద్ద చెట్టు, గింజలు

కుంట తవ్వాలా, పళ్ళెం పెట్టాలా అన్న ప్రశ్నకు నా సమాధానం పళ్ళెమే. పానగల్ ఉదయ సముద్రం, మహబూబ్‌నగర్ పెద్ద చెరువు లాంటివి దగ్గర ఉన్నప్పుడు నీటి పక్షులకు మన కుంట అక్కర్లేదు. పిచ్చుకకు, గోరింకకు, ఉడుతకు కావలసింది రెండంగుళాల లోతు మట్టి పళ్ళెం. నీడలో, నేలకు కొంచెం ఎత్తున, మధ్యలో ఒక రాయి. నీళ్ళు రెండు రోజులకొకసారి పారబోసి, తోమి, మళ్ళీ నింపాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి అలా చేస్తే దోమ పుట్టదు. బోరు నీటి సున్నం పట్టి పళ్ళెం తెల్లబడుతుంది, పీచుతో రుద్దాలి. వాన నీరు సహజంగా నిలిచే పల్లం ఉంటే మాత్రం పూడ్చకండి. వానాకాలంలో కప్పలు అక్కడ గుడ్లు పెడతాయి, తూనీగ పిల్లలు దోమ పిల్లలను తింటాయి.

జాగా పెద్దదైతే ఒక్క మర్రి గానీ రావి గానీ పెట్టండి, ఇళ్ళకు, కాలువలకు, నీటి పైపులకు కనీసం యాభై అడుగుల దూరంలో. కోకిల, కంసాలి పిట్ట, గోరింక, బుల్‌బుల్ అన్నీ ఆ పండ్లకే వస్తాయి. మహబూబ్‌నగర్ వాళ్ళకు పిల్లలమర్రి ఉండనే ఉంది. మూడెకరాల మేర పాకిన ఆ చెట్టుకు చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడవలసి వచ్చింది. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు గద్దె కట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఊడలకు, వేళ్ళకు మట్టి తగలాలి.

గింజలు చల్లడం చాలామందికి ఇష్టం. రోజూ బియ్యం పోస్తే పావురాలు, ఎలుకలు పెరుగుతాయి, వాటి వెనకే పాములు. దానికి బదులు కంచె పొడవునా రెండు సాళ్ళు జొన్న, సజ్జ వేసి కంకులు కోయకుండా వదిలేయండి. ఇళ్ళ వరండాల్లో వరికంకుల కుచ్చు వేలాడదీసే మన పాత అలవాటు పిచ్చుకలకు ఎంతో మేలు. గూటి పెట్టెలు పెడితే రంధ్రం 32 మిల్లీమీటర్లు ఉండాలి, పడమటి ఎండ తగలని గోడకు పెట్టాలి.

పాముల మాట

ఏ పద్ధతి చెప్పినా సమావేశంలో వచ్చే మొదటి మాట ఇదే. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. మన దగ్గర నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ ఉన్నాయి. పొదలు, రాళ్ళ కుప్పలు ఇళ్ళ గోడలకు ముప్పై అడుగుల దూరంలో ఉండాలి. నడక దారికి ఇరువైపులా నాలుగడుగులు గడ్డి పొట్టిగా కోయాలి. రాత్రి టార్చి లేకుండా లోపలికి వెళ్ళకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తిండి చెత్త పడకూడదు. పామును పిలిచేది ఎలుక, ఎలుకను పిలిచేది చెత్త. పెళ్ళి భోజనాల ఆకులు పారబోసే ఇప్పటి ఖాళీ జాగాకే పాముల భయం ఎక్కువ. కనబడ్డ ప్రతిదీ విషపు పాము కాదు, జెర్రిపోతు ఎలుకలను తిని పోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములకూ వర్తిస్తుంది కాబట్టి చంపడం నేరం. అటవీ శాఖ వారి నంబరు, పాములు పట్టే వారి నంబరు బోర్డు మీద రాసి పెట్టండి.

మీ కాలనీకి ఏది?

ఇరవై గుంటలుండి బోరు లేని కాలనీ అయితే ఆలోచించకుండా తంగేడు చెలక తీసుకోండి. మూడో వంతు ఆటకు, పండగలకు, మిగతాది చెలక, ఒక అంచున మర్రి. బోరు పోస్తూ, ఒక వైపు పెద్ద రోడ్డు ఉంటే ఆ రోడ్డు వైపు మూడు గుంటల పట్టీలో యాదాద్రి నమూనా చిట్టడివి, దాని వెనక చెలక. రెండూ కలిసే అంచు దగ్గర పిట్టలు ఎక్కువగా తిరుగుతాయి, ఒకవైపు నీడ, ఒకవైపు మేత కాబట్టి. రెండు వందల గజాల ముక్క, దాన్ని పట్టించుకునే పది కుటుంబాలు, మందు కొట్టబోమన్న ఒప్పందం ఉంటే సీతాకోకల తోట. ఆ ఒప్పందం కుదరకపోతే అదే ముక్కలో నాలుగు రేగు, రెండు జమ్మి, ఒక రేల నాటి వదిలేయండి. అవి ఎవరి దయా లేకుండా తమ పని చేసుకుంటాయి. జాగా మొత్తం శిథిలాలే అయి, ఎత్తించే డబ్బు లేకపోతే ఈ ఏడు శుభ్రం చేయడం, కంచె వేయడం వరకే పెట్టుకుని, నాటడం వచ్చే మృగశిరకు వాయిదా వేయండి.

అపార్ట్‌మెంటు వాళ్ళకు ప్రహరీ లోపలి ఆరడుగుల సందే ఉంటుంది. అక్కడ కరివేపాకు, నిమ్మ, ముళ్ళ గోరింట, గోడ పొడవునా ఒక తీగ, మెట్ల దగ్గర మట్టి పళ్ళెం. రాత్రి పది తర్వాత ఆ వైపు దీపాలు ఆర్పేయమని వాచ్‌మన్‌కు చెప్పండి, చిమ్మటలకు చీకటి కావాలి. నీళ్ళు మార్చే వంతుల పట్టిక లిఫ్టు పక్కన అంటించండి. సెలవులకు ఊరెళ్ళే ఇల్లు తన వంతును ఎవరికి అప్పగించిందో అందులో రాసి వెళ్ళాలి.